తలకి తీసిన ఫొటోలో ఏం దొరుకుతుంది?

"మా గుంటడికి తలకి స్కానింగు తీయించండి బాబూ. లోపలేటుందో తెలిసిపోతాది గదా!"

శ్రీకాకుళం జిల్లాలో మానసిక వైద్యుల గది బయట కాసేపు కూర్చుంటే ఈ మాట చెవిన పడుతుంది. అడిగేది తల్లో, మేనమామో అయి ఉంటారు. పక్కన కూర్చున్న కుర్రాడు ఎవరి వంకా చూడడు, పెదాలు మాత్రం కదులుతుంటాయి. అప్పటికే ఆ ఇంట్లో తాయెత్తులు కట్టించడం అయింది, ఎజ్జోడి (భూతవైద్యుడి) ముందు కూర్చోబెట్టడం అయింది, చిల్లంగి (చేతబడి) పెట్టిందని వెనకవీధి ముసలామె మీదికి గొడవకు వెళ్లడమూ అయింది. చేతిలో ఉన్నది, లేనిది ఖర్చయ్యాక ఇక మిగిలింది మిషను. మనిషి అబద్ధం చెప్పొచ్చుగానీ మిషను చెప్పదని వాళ్ల నమ్మకం.

అలా నమ్మడంలో తప్పేమీ లేదు. కాలు విరిగితే ఎక్స్‌రేలో కనిపిస్తుంది. ఇదే జిల్లాలో కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న ఉద్దానంలో ఎవరికైనా కిడ్నీ పాడైతే రక్తపరీక్షలో క్రియాటినిన్ అంకె చెప్పేస్తుంది. మరి ఎవరూ లేనిచోట గొంతులు వినిపించే జబ్బుకు, అంటే స్కిజోఫ్రీనియాకు, అలాంటి రుజువు ఎందుకు ఉండదు? ఆ తల్లి అడిగిన ఈ ప్రశ్ననే ప్రపంచంలోని పెద్ద పెద్ద ప్రయోగశాలలు యాభై ఏళ్లుగా అడుగుతున్నాయి. వెతికినవాళ్లు మెదడు నడిమధ్యలో ఉన్న ఒక చిన్న భాగం దగ్గర మళ్లీ మళ్లీ ఆగారు. దాని పేరు థాలమస్. అక్కడ వాళ్లకు ఏం దొరికిందో చెప్పుకోవాలి. ఆ వెతుకులాటకు మన దేశపు పేద రోగులు ఏమిచ్చారో, వాళ్లకు తిరిగి ఏం ముట్టలేదో కూడా చెప్పుకోవాలి.

రేవులో మొదలయ్యే దారి

భావనపాడు సంతబొమ్మాళి మండలంలో సముద్రపు ఒడ్డు ఊరు. ముందు చేపల రేవు, వెనక నౌపడా ఉప్పు మడులు, కాస్త లోపలికి వెళ్తే పెలికాన్ పక్షులు వచ్చే తేలినీలాపురం. ఈ తీరపు మగవాళ్లలో చాలామంది ఇక్కడ వేట గిట్టుబాటు కాక ఏటా గుజరాత్‌లోని వేరావల్ దాకా వెళ్లి బోట్లలో పనిచేసి వస్తారు.

అలాంటి బోటులో 20 ఏళ్ల కుర్రాడిని ఊహించుకోండి. ఇది ఏ ఒక్క ఇంటి కథా కాదు, ఈ జబ్బు సాధారణంగా మొదలయ్యే తీరు. మగపిల్లల్లో ఎక్కువగా 18 నుంచి 25 ఏళ్ల మధ్య, ఆడవాళ్లలో ఇంకొన్నేళ్లు ఆలస్యంగా బయటపడుతుంది. ముందు పోయేది నిద్ర. "రెండు వారాలై కన్ను మూయనేదు" అంటారు ఇంట్లోవాళ్లు. తర్వాత నలుగురితో కూర్చుని తినడం మానేస్తాడు. వల లాగుతూ లాగుతూ చేతులు ఆపేసి నిలబడిపోతాడు. ఇంజిన్ చప్పుడు వెనక ఎవరో ఇద్దరు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. తోటివాళ్లు విని చూస్తారు. ఇంజిన్ చప్పుడు తప్ప మరేమీ ఉండదు. అతనికి మాత్రం మాట మాటగా, స్పష్టంగా, పేరు పెట్టి పిలిచినట్టుగా వినిపిస్తుంది. అతను అబద్ధమాడటం లేదు, నటించడమూ లేదు. ఇంట్లోవాళ్లు అన్నిటికన్నా ముందు నమ్మాల్సిన సంగతి ఇదేనని నేను అనుకుంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం సుమారు 300 మందిలో ఒకరికి ఈ జబ్బు ఉంది. మన దేశంలో 2015–16లో బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ ఆధ్వర్యంలో జాతీయ మానసిక ఆరోగ్య సర్వే జరిగింది. స్కిజోఫ్రీనియా, దానికి దగ్గరి తీవ్ర మానసిక రుగ్మతలు జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వచ్చినవాళ్లు 1.4 శాతమని, వాళ్లలో నలుగురిలో ముగ్గురికి వైద్యం అందడం లేదని ఆ సర్వే తేల్చింది. 12 రాష్ట్రాల్లో జరిగిన ఆ లెక్కలో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణా లేదు. అంటే భావనపాడు రేవులోని కుర్రాడు ఆ అంకెల్లో కూడా లేడు.

ఆసుపత్రి దారి పట్టినా అది చిన్నదారి కాదు. టెక్కలి, అక్కడి నుంచి శ్రీకాకుళం, అక్కడా కుదరకపోతే విశాఖ వాల్తేరులో బ్రిటిష్‌వాళ్ల కాలం నుంచీ ఉన్న ప్రభుత్వ మానసిక చికిత్సాలయం. ఒక్కో మజిలీకి ఒక రోజు కూలి పోతుంది, తోడు వెళ్లినవాళ్ల కూలీ పోతుంది. ఈలోగా "పెళ్లి చేస్తే కుదురుకుంటాడు" అనే సలహా ఎవరో ఇస్తారు. దాంతో ఇంకో అమ్మాయి బతుకు కూడా ఇందులోకి వచ్చి పడుతుంది.

నౌపడా జంక్షన్ లాంటి చోటు

థాలమస్ మెదడులో కుడివైపు ఒకటి, ఎడమవైపు ఒకటి ఉంటుంది. అండాకారంలో ఉండే ఒక్కొక్కటీ సుమారు 3 సెంటీమీటర్ల పొడవు. కన్ను చూసింది, చెవి విన్నది, చర్మం తాకింది, అన్నీ మెదడు పైపొరకు చేరేముందు ఇక్కడ ఆగి వెళ్తాయి. వాసన ఒక్కటే వేరే దారిలో నేరుగా పోతుంది.

ఈ ప్రాంతం వాళ్లకు దీని పని చెప్పడం సులువు. హౌరా–చెన్నై మెయిన్ లైను మీద నౌపడా జంక్షన్ ఉంది. 1900లో పర్లాకిమిడి రాజావారు నడిపించిన చిన్న రైలు అక్కడే బయల్దేరేది. ఇప్పటికీ గుణుపురం లైను విడిపోయేది అక్కడే. ఏ బండిని ఏ పట్టా మీదికి పంపాలి, దేన్ని ఔటర్‌లో నిలబెట్టాలి, ఎక్స్‌ప్రెస్ వస్తుంటే దేన్ని పక్కకు తప్పించాలి అన్నది జంక్షన్‌లో తేలుతుంది. లైన్లు అన్నీ బాగున్నా అక్కడ సిగ్నల్ తప్పితే పలాసలోనూ బండి ఆగిపోతుంది, పర్లాకిమిడిలోనూ ఆగిపోతుంది. థాలమస్ అలాంటి చోటు.

ఇంకో సంగతి ఉంది, అదే అసలు ఆసక్తికరమైనది. చాలాకాలం థాలమస్‌ను బయటి కబుర్లు లోపలికి చేరవేసే చోటుగానే చూశారు. తీరా లెక్క చూస్తే, చూపుకు సంబంధించిన థాలమస్ కేంద్రకానికి కంటి నుంచి నేరుగా వచ్చే నాడీ సంధులు పదో వంతుకు మించవు. మిగతావాటిలో పెద్ద వాటా మెదడు పైపొర నుంచే తిరిగి కిందికి వస్తుంది. కొన్ని కేంద్రకాలైతే బయటి ప్రపంచంతో దాదాపు పని లేకుండా, మెదడులో ఒక భాగం అన్నమాటను ఇంకో భాగానికి చేర్చడంలోనే ఉంటాయి. ఆలోచనకు, నిర్ణయానికి ఆయువుపట్టయిన నుదుటి వెనక భాగంతో ఇలా ముడిపడి ఉన్నదాన్ని మీడియోడార్సల్ కేంద్రకం అంటారు. అంటే మన ఆలోచన మనకు మన ఆలోచనగానే తెలియడంలో కూడా ఈ చోటుకు పాత్ర ఉండొచ్చు. ఆ గుర్తింపు తప్పితే సొంత తలలో పుట్టిన మాటే బయటినుంచి వచ్చిన గొంతుగా వినిపించే వీలుంది. బోటులో కుర్రాడికి జరిగేది ఇదేనా అన్నది పరిశోధకుల ప్రశ్న.

మెదడులో డోపమైన్ అనే రసాయనం చేసే పనిని కనిపెట్టి 2000లో నోబెల్ అందుకున్న స్వీడన్ శాస్త్రవేత్త ఆర్విడ్ కార్ల్‌సన్ కూడా ఈ వైపే చూశాడు. థాలమస్ జల్లెడ పట్టే పని సడలితే మెదడు పైపొర మీదికి కబుర్ల వరద వచ్చి పడుతుందని, స్కిజోఫ్రీనియాలో జరిగేది అదే కావొచ్చని ఆయన ప్రతిపాదన. థాలమస్‌ను చుట్టి ఉండే పలచని కణాల పొరకు ధ్యాసను నిలిపే పనిలో ముఖ్య పాత్ర ఉందని 1984లో ఫ్రాన్సిస్ క్రిక్ రాశాడు. డీఎన్ఏ మెలిక నిర్మాణాన్ని కనుగొన్న ఇద్దరిలో ఒకరు ఆయనే. నిద్రలో మెదడు తరంగాల మధ్య అర సెకను, సెకను పాటు వచ్చిపోయే గబగబ అలలను పుట్టించేది కూడా ఆ పొరే. స్కిజోఫ్రీనియా ఉన్నవాళ్ల నిద్రలో ఈ అలలు తక్కువగా ఉంటున్నాయని 2007 నుంచి పరిశోధనలు వస్తున్నాయి. వాటిని పట్టుకోవడానికి కోట్ల రూపాయల యంత్రం అక్కర్లేదు, తలకు తీగలు అంటించి తీసే ఈఈజీ చాలు. మన జిల్లా స్థాయి ఆసుపత్రులకు ఎప్పటికైనా ఉపయోగపడే పరీక్ష ఏదైనా వస్తే అది ఈ దారిలోనే రావొచ్చని నా ఆశ.

యాభై ఏళ్ల ఫొటోలు

ఒకప్పుడు ఈ జబ్బుకు తల్లి పెంపకాన్నే తప్పుపట్టేవారు. అమెరికాలో మానసిక వైద్యులే ఇరవయ్యో శతాబ్దం మధ్యకాలంలో ఆ మాట అన్నారు. తల్లుల నెత్తిన పెట్టిన ఆ నిందను దించడంలో స్కాన్ల పాత్ర పెద్దది.

1976లో లండన్ శివార్లలోని నార్త్‌విక్ పార్క్ ఆసుపత్రిలో ఈవ్ జాన్‌స్టోన్, టిమ్ క్రో బృందం అప్పుడే వచ్చిన సీటీ స్కాన్‌తో 17 మంది దీర్ఘకాల రోగుల తలలు చూసింది. మెదడు లోపల నీరుండే గదులు మామూలువాళ్లకన్నా వీళ్లలో పెద్దవిగా ఉన్నాయి. గదులు పెరిగాయంటే చుట్టూ ఉన్న కణజాలం ఎక్కడో తగ్గిందన్నమాట. ఎక్కడ తగ్గిందన్నది సీటీలో తెలియలేదు. ఎంఆర్ఐ వచ్చేదాకా ఆగాల్సి వచ్చింది.

1994లో అయోవా విశ్వవిద్యాలయంలో నాన్సీ ఆండ్రియాసెన్ బృందం సైన్స్ పత్రికలో ఒక పరిశోధన ప్రచురించింది. ఆండ్రియాసెన్ ముందు ఇంగ్లిషు సాహిత్యంలో డాక్టరేట్ చేసి పాఠాలు చెప్పిన మనిషి, ఆ తర్వాత వైద్యం చదివి ఈ రంగంలోకి వచ్చింది. 39 మంది రోగుల ఎంఆర్ఐ చిత్రాలను ఒకే కొలతకు తెచ్చి, ఒకదాని మీద ఒకటి పేర్చి ఒక సగటు మెదడు తయారుచేశారు. జబ్బు లేని 47 మందివి పేర్చి ఇంకో సగటు మెదడు. ఒకదాంట్లోంచి ఇంకోదాన్ని తీసేస్తే తేడా స్పష్టంగా తేలిన చోట్లలో ముఖ్యమైనది థాలమస్.

మరుసటి ఏడు, 1995లో, లండన్‌లో జరిగిన ప్రయోగం నన్ను ఇంకా ఎక్కువ కదిలించింది. డేవిడ్ సిల్బర్‌స్వైగ్, ఎమిలీ స్టెర్న్ బృందం ఆరుగురు రోగులను పెట్ స్కానర్‌లో పడుకోబెట్టింది. వాళ్లు చేయాల్సింది ఒక్కటే, గొంతులు వినిపించినప్పుడు చేతిలోని మీట నొక్కాలి. కళ్లు మూసుకుని, కదలకుండా పడుకుని, తమను ఏళ్ల తరబడి పీడిస్తున్న గొంతు ఎప్పుడొస్తుందా అని ఎదురుచూసి మీట నొక్కారు వాళ్లు. ఆ క్షణాల్లో మెదడులో రక్తప్రసరణ ఎక్కడ పెరిగిందో చూస్తే థాలమస్ సహా లోతైన భాగాలు వెలిగాయి. 'ఊహే కదా, పట్టించుకోకు' అని నోటి మాటగా కొట్టిపారేసేదానికి మెదడులో రక్తమాంసాల జాడ ఉందని ఆ మీటలు తెలియజేశాయి.

ఇక్కడ ఆగి ఒక హెచ్చరిక చెప్పుకోవాలి, ఎందుకంటే సైన్సు ఈ కథలో తిన్నగా నడవలేదు. 1990లో డెన్మార్క్‌కు చెందిన బెంటే పాకెన్‌బెర్గ్ చనిపోయిన రోగుల మెదళ్లలో మీడియోడార్సల్ కేంద్రకంలోని నాడీకణాలు లెక్కపెట్టి, సుమారు 40 శాతం తక్కువ ఉన్నాయని రాసింది. అందరూ ఉలిక్కిపడ్డారు. తర్వాత లెక్కపెట్టిన ఇతర బృందాల్లో కొన్నిటికి ఆ తగ్గుదల కనిపించలేదు. ఒక్క పరిశోధన చూసి తీర్పు చెప్పకూడదని అందరికీ అర్థమైంది.

అందుకే ఎనిగ్మా అనే అంతర్జాతీయ కూటమి ఎన్నో దేశాల స్కాన్లను ఒకే పద్ధతిలో కొలిచింది. 2016లో వచ్చిన ఫలితాల్లో 2,028 మంది రోగులు, 2,540 మంది జబ్బు లేనివాళ్లు. మెదడు లోతుల్లోని హిప్పోకాంపస్, అమిగ్డలా, థాలమస్ మూడూ రోగుల్లో సగటున చిన్నవి. తేడా ఉన్నమాట నిజం. మరి ఎంత తేడా?

ఆ బృందం ఇచ్చిన కొలతను పట్టుకుని మామూలు లెక్క కడితే ఇలా వస్తుంది. జబ్బున్న ఒకరిని, లేని ఒకరిని జతగా తీసుకుంటూ 100 జతలు చూడండి. సుమారు 59 జతల్లో రోగి థాలమస్ చిన్నదిగా ఉంటుంది. మిగతా 41 జతల్లో రోగిదే పెద్దది. నాణెం ఎగరేసినా 50 వస్తాయి. వేలమంది సగటులో మచ్చుకైనా సందేహం లేకుండా కనిపించే తేడా, ఒక్క మనిషి ఫిల్ము చూసి జబ్బు చెప్పడానికి ఎందుకూ పనికిరాదన్నమాట. "లోపలేటుందో తెలిసిపోతాది గదా" అన్న తల్లికి నిజాయితీగా ఇవ్వాల్సిన జవాబు ఇదే. మీవాడి జబ్బు మెదడుదేనమ్మా, కానీ మీవాడి ఒక్కడి ఫొటోలో అది కనిపించదు.

సైజు కన్నా సంబంధాలు ముఖ్యమన్న ఆలోచన ఆ తర్వాత బలపడింది. దానికి బాట వేసింది భరత్ బిశ్వాల్ అనే పరిశోధకుడు. 1995లో అమెరికాలోని విస్కాన్సిన్‌లో విద్యార్థిగా ఉన్నప్పుడు, మనిషి ఏ పనీ చేయకుండా ఊరికే పడుకున్నా మెదడులో ఒకదానితో ఒకటి పనిచేసే భాగాలు ఒకే లయలో ఎగసిపడుతుంటాయని ఎంఆర్ఐతో చూపించాడు. స్కిజోఫ్రీనియా పరిశోధనకు ఇది వరమైంది. గొంతులు వింటూ భయంతో ఉన్న మనిషికి క్లిష్టమైన పరీక్షలు పెట్టనక్కర్లేదు, కాసేపు కదలకుండా పడుకుంటే చాలు.

ఆ పద్ధతితో 2012లో వాండర్‌బిల్ట్ విశ్వవిద్యాలయానికి చెందిన నీల్ వుడ్‌వర్డ్ బృందం చూసిన దృశ్యం తర్వాత చాలాచోట్ల మళ్లీ కనిపించింది. రోగుల్లో థాలమస్‌కు నుదుటి వెనక భాగంతో ఉన్న బంధం పలచబడింది. కదలిక, స్పర్శ భాగాలతో ఉన్న బంధం చిక్కబడింది. 2015లో అలాన్ ఆంటిచెవిచ్ బృందం ఇంకో అడుగు ముందుకేసి జబ్బు ఇంకా పూర్తిగా రాని, వచ్చే సూచనలున్న 243 మందిని పరిశీలించింది. వాళ్లలోనూ ఇదే ధోరణి ఉంది, తర్వాత నిజంగా జబ్బులోకి జారిన 21 మందిలో అది ఇంకా ప్రస్ఫుటంగా ఉంది. నిద్రపోని ఆ మొదటి వారాల్లోనే జంక్షన్ దగ్గర ఏదో మారుతోందని దీని అర్థం కావొచ్చు. జబ్బు ముదిరాక కాదు, మొదలవుతుండగానే పట్టుకోవాలన్న వాదనకు ఇంతకన్నా బలం ఏం కావాలి!

మందు పడని మెదడు

ఈ కథలో నన్ను వదలకుండా పట్టుకున్న భాగం ఇది.

1952లో పారిస్‌లో క్లోర్‌ప్రోమజైన్ మొదలైన నాటినుంచీ ఈ జబ్బుకు మందులు ఉన్నాయి. ఏళ్ల తరబడి వాడితే ఈ మందులు కూడా మెదడులో కొన్ని భాగాల పరిమాణాన్ని మారుస్తాయి. మరి పదేళ్లుగా మాత్రలు వేసుకుంటున్న మనిషి థాలమస్ చిన్నదిగా కనిపిస్తే, అది జబ్బు చేసిన పనా, మందు చేసిన పనా? తేల్చాలంటే ఒకటే దారి. ఇంతవరకు ఒక్క మాత్ర కూడా వేసుకోని రోగులు కావాలి.

యూరప్, అమెరికాల్లో అలాంటివాళ్లు దొరకడం కష్టం. జబ్బు బయటపడగానే మందు మొదలవుతుంది. దొరికేది ఎక్కడ? వైద్యం అందని చోట. స్కాట్లండ్ మానసిక వైద్యుడు రాబిన్ మెక్‌క్రీడీ అందుకే తమిళనాడు వచ్చాడు. చెన్నైలోని స్కిజోఫ్రీనియా పరిశోధన సంస్థ స్కార్ఫ్‌లో ఆర్. తారా, ఆర్. పద్మావతిలతో కలిసి, ఎన్నడూ మందు వాడని రోగులను పరిశీలించాడు. చేతులు, ముఖం వాటంతట అవే మెలితిరిగే కదలికలు మందుల వల్లనే వస్తాయని అప్పటిదాకా గట్టిగా నమ్మేవారు. మందు ముఖమే చూడనివాళ్లలోనూ అవి ఉన్నాయని వాళ్లు 1996లో రాశారు. 2002లో అలాంటి రోగుల ఎంఆర్ఐ చిత్రాలతో ఇంకో పరిశోధన ప్రచురించారు.

నిమ్హాన్స్‌లోనూ ఇదే దారిలో పని జరిగింది. నరేన్ రావు, గణేశన్ వెంకటసుబ్రమణియన్ బృందం 2010లో ఇండియన్ జర్నల్ ఆఫ్ సైకియాట్రీలో ఒక పరిశోధన ప్రచురించింది. మందు ఇంకా మొదలుపెట్టని రోగులను 3 టెస్లా ఎంఆర్ఐలో చూసి థాలమస్‌ను కొలిచారు. మందు పడకముందే అది జబ్బు లేనివాళ్లకన్నా చిన్నదిగా ఉంది. ఇది చిన్న పరిశోధనే. అయినా మందులవల్లే మెదడు కుంచించుకుపోతోందన్న అనుమానానికి థాలమస్ విషయంలో మన దేశం నుంచి వెళ్లిన జవాబు అది. "మాత్రలు వేస్తే బుర్ర పాడైపోతాదట" అని జంకే ఇంట్లోవాళ్లకు చెప్పగలిగిన జవాబు కూడా.

ఇందులో పరిశోధకులను తప్పుపట్టడానికేమీ లేదు. వాళ్లు చేసింది అవసరమైన పని. కానీ ఒక్కసారి ఆలోచించండి. ఆ మెదళ్లు ప్రపంచానికి ఎందుకంత విలువైనవయ్యాయి? ఆసుపత్రి దూరమైనందుకు, బస్సు కిరాయికి డబ్బుల్లేనందుకు, ఎజ్జోడి దగ్గర ఏళ్లు గడిచినందుకు. మనుషులను గొలుసులతో కట్టేసిన ఇళ్లూ ఉన్నాయి. తమిళనాడులోని ఏర్వాడిలో 2001 ఆగస్టు 6న ఒక ప్రైవేటు ఆశ్రమానికి నిప్పంటుకుంటే, గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలిపోయారు. మందు అందకపోవడమనే మన వైఫల్యం సైన్సుకు అరుదైన ఆధారమైంది. దాంతో పుట్టిన జ్ఞానం పాఠ్యపుస్తకాల్లోకి వెళ్లింది, ప్రపంచమంతా వాడుకుంటోంది. ఆ కడుపేద రోగులకు బాకీ ఉన్నామని నేను నమ్ముతాను. ఆ బాకీ తీర్చుకునే పద్ధతి కూడా పెద్ద రహస్యం కాదు. మందు పడని మెదడు ఇక మన తీరంలో దొరకకూడదు.

కొలబద్ద ఎవరిదన్న ప్రశ్న కూడా ఉంది. స్కాన్ చిత్రాలను పోల్చేందుకు పరిశోధకులు ఒక ప్రామాణిక మెదడు నమూనా వాడతారు. చాలాకాలంగా వాడుతున్నది కెనడాలోని మాంట్రియల్‌లో, పాశ్చాత్యుల మెదళ్లతో తయారైనది. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో జయంతి శివస్వామి బృందం తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థతో కలిసి 100 మంది భారతీయుల స్కాన్లతో మన నమూనాను 2019లో తయారుచేసింది. కొలతల్లో మన సగటు మెదడు పాశ్చాత్య నమూనాకన్నా కాస్త చిన్నదని తేలింది. తెలివికీ దీనికీ సంబంధం లేదు, ఒంటి కొలతల్లో తేడాల్లాంటిదే. 2020లో నిమ్హాన్స్ పరిశోధకులు 6 నుంచి 60 ఏళ్ల దాకా వయసులవారీగా భారతీయ నమూనాలు తెచ్చారు. థాలమస్‌లో మిల్లీమీటర్ల తేడాల కోసం వెతికేటప్పుడు వేరే జనానికి సరిపోయిన కొలబద్దతో కొలవడం ఇబ్బందే. ఆ లోటు తీర్చే పనిలో మన హైదరాబాద్‌కూ వాటా ఉండటం నాకు సంతోషంగా ఉంది.

వేట ఆగిన రోజుల్లో

మరి ఆ కుర్రాడికి స్కాన్ అక్కర్లేదా? ఫిట్లు వస్తున్నా, తలకు దెబ్బ తగిలినా, జ్వరంతో మాట తడబడుతున్నా, నడివయసు దాటాక ఒక్కసారిగా మొదలైనా డాక్టరే రాస్తారు. గడ్డలో, క్రిముల తిత్తులో ఉన్నాయేమో చూడటానికి అది తప్పనిసరి. అవేవీ లేనప్పుడు, స్కిజోఫ్రీనియా అని తేల్చేది ఇంట్లోవాళ్లు చెప్పే మాట, రోగితో డాక్టరు కూర్చుని మాట్లాడే మాట. పుస్తెలతాడు కుదువపెట్టి తీయించే ఫిల్ముకన్నా ఆ డబ్బు మూడు నెలల మందులకూ, ప్రయాణాలకూ ఉంచుకోవడం మేలు. గంజాయి అలవాటుంటే దాచకుండా చెప్పాలి, అది ఈ జబ్బు ముప్పును పెంచుతుంది.

వంశంలో ఉందని హడలిపోనక్కర్లేదు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం సుమారు 10 శాతం. అంటే పదిమందిలో తొమ్మిదిమందికి రాదు. చట్టాలూ రోగి పక్షానే ఉన్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులతో కట్టడాన్ని నిషేధించింది, ప్రభుత్వ వైద్యాన్ని హక్కుగా ఇచ్చింది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం మానసిక అనారోగ్యాన్ని వైకల్యాల జాబితాలో ఉంచింది కాబట్టి సదరం శిబిరంలో వైకల్య ధ్రువపత్రం అడిగే హక్కు ఉంది. ఊళ్లో నుంచే 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలిమానస్ సేవలో తెలుగులోనే మాట్లాడతారు, డబ్బు కట్టనక్కర్లేదు.

మందు మొదలయ్యాక పూర్తి గుణం కనిపించడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. కష్టమంతా ఆ వారాల్లోనే. మగత ఉంటుంది, కొందరికి ఒళ్లు బిగుసుకుంటుంది, మోతాదు సరిచేయాల్సి వస్తుంది. వేటకు వెళ్లే ఇంట్లో అన్నాళ్లు మనిషిని కూర్చోబెట్టడం, తోడుగా ఇంకొకరు ఉండటం కుదరదు. మాత్రలు మధ్యలో ఆగిపోవడానికి అదొక ముఖ్య కారణం.

అయితే ఈ తీరంలో ఇంజిన్ బోట్లన్నీ ఒడ్డునే ఉండే రోజులు ఏటా ఉన్నాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు చేపల వేట నిషేధం. వేరావల్ వెళ్లినవాళ్లలోనూ కొందరు ఆ రోజుల్లో ఇంటికి వస్తారు. వైద్యం మొదలుపెట్టడానికి ఇంతకన్నా మంచి కాలం లేదు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద వైద్యులు ఆ రెండు నెలల్లో భావనపాడు రేవుకూ, సంతబొమ్మాళి మండలంలోని ఇతర తీర గ్రామాలకూ వారానికోసారి రావాలి. ఆశా కార్యకర్తలు ముందే ఇల్లిల్లూ తిరిగి నిద్రపోని, ఒంటరిగా మాట్లాడుకునే, గదిలో కట్టేసిన మనుషుల ఇళ్లు గుర్తించి ఉంచాలి. ఏప్రిల్ మూడో వారంలో మందు మొదలైతే జూన్ మొదటికి మోతాదు కుదురుతుంది. మాత్రలు మరిచిపోయేవాళ్లకు నెలకోసారి వేసే ఇంజెక్షను ఆలోచించవచ్చు. మళ్లీ వేటకు పోయేటప్పుడు రెండు నెలల మందులు, మందు పేర్లున్న చీటీ చేతికివ్వాలి. బోటును నడిపించే తండేలుకు ఒక్క మాట చెప్పాలి, ఈ కుర్రాడికి రాత్రి కాపలా వేయొద్దని, నిద్ర పోనివ్వాలని.